కోత మిషన్ బాడుగ ఎక్కడమే గానీ దిగదేం?

సంపాదకుడు గారికి,

డీజిల్ ధర పెరిగినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే వినియోగదారుల ధరల సూచీలో ఇంధనం వాటా కొంచెమే, కంగారు అక్కర్లేదని. ఏళ్ల తరబడి వాడిన 2012 ఆధార సంవత్సరపు సూచీలో ‘ఇంధనం, వెలుతురు’ పద్దుకు 6.84 శాతమే ఉన్నమాట నిజం. కానీ అది వంటగ్యాసు, కరెంటు లాంటి ఇంటి ఖర్చు. లారీ, జనరేటర్, కోత మిషన్ తాగే డీజిల్ అందులో కనబడదు. బియ్యంలో, చేపలో, కూరగాయల్లో కలిసి, అదే సూచీలో 45.86 శాతం ఉన్న ఆహారం పద్దులో తేలుతుంది.

రొయ్యల చెరువునే చూడండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వేయాల్సిందే. నీళ్లలో గాలి కలిపే 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, రెండు గంటలు తిరిగితే సుమారు 12 యూనిట్లు. రాయితీ కరెంటుకు యూనిట్ రూపాయిన్నర చొప్పున 18 రూపాయలు. చిన్న జనరేటర్ లీటరుకు 3 యూనిట్లు ఇస్తే 4 లీటర్లు కావాలి. లీటరు వంద అనుకున్నా 400 రూపాయలు.

ఇక వరి కోత. బురదలోనూ నడిచే చైన్ మిషన్ గంటకు 10 లీటర్లు తాగుతుందనుకుందాం. లీటరుకు 5 రూపాయలు పెరిగితే గంటకు 50 పెరగాలి. బాడుగ 200 పెంచినా అడిగేవారుండరు. దీన్ని ఉత్త దురాశ అనలేం. ఓనరు సీజన్ మొదట్లోనే రేటు ఒప్పుకుంటాడు. మధ్యలో డీజిల్ మళ్లీ పెరుగుతుందేమోనన్న భయాన్నీ అందులో కలుపుకుంటాడు. 2022 మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించినట్టు ఎప్పుడైనా ధర దిగినా, ఊళ్లో ఒకసారి పడిన రేటు దిగడం అరుదు. మబ్బు కమ్ముతుంటే రైతు బేరమాడగలడా?

ధరలు ఎంత పెరుగుతాయని రిజర్వు బ్యాంకు కుటుంబాలను అడిగితే, అసలు ద్రవ్యోల్బణం కంటే ఎక్కువ చెప్పడం మామూలే. జనం చూసేది సూచీని కాదు, బంకు బోర్డును.

మన గోదావరి డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరి పాలన కిందకు వచ్చే యానాంలో డీజిల్ మన బంకులకంటే చౌక. ముడిచమురు ఒకటే, తేడా పన్నుది. ఆ సంగతి ప్రభుత్వాలు చూసుకోవాలి. ఈలోగా వ్యవసాయ శాఖ చేయగలిగిన చిన్న పని ఒకటుంది: సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతలకు ముందు ప్రతి రైతు సేవా కేంద్రంలో మిషన్ రకం, గంటకు పట్టే డీజిల్, ఆ రోజు ధర, డీజిల్ కాకుండా అద్దె ఎంత అన్నది విడివిడిగా బోర్డు మీద రాయించాలి. డీజిల్ మారినప్పుడు ఆ ఒక్క అంకే మార్చాలి, పెరిగినా తగ్గినా.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం