గులకరాళ్ల ఒడ్డుకు రాతి గోడ మందు కాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

ట్రౌట్ చేపలకు గాలం వేసేవారంతా చేరే నది మలుపులో గులకరాళ్ల ఒడ్డు ఏటేటా కోసుకుపోతోందనీ, దాన్ని కాపాడేందుకు పొడవునా బండరాళ్లు పేర్చి రివెట్‌మెంట్ కట్టాలనీ కొంతకాలంగా వినిపిస్తున్న ప్రతిపాదన గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఎన్నో సీజన్లుగా ఆ ఒడ్డు మీద నిలబడుతున్నవాడిని కనుక ఈ కోత నాకూ కష్టంగానే ఉంది. నిరుడు నేను సంచి దించుకున్న చోటు ఈసారి మోకాలి లోతు నీళ్లలో ఉంది. అయినా రాతి గోడ వద్దంటున్నాను. ఈ కోతలో కొంత నది స్వభావం, కొంత మన కాళ్ల చలవ. గోడ కడితే మొదటిది ఆగిపోతుంది, ఆగవలసిన రెండోది మాత్రం కొనసాగుతుంది.

ట్రౌట్‌కు గులకరాళ్లతో ఉన్న అవసరం ఏమిటో ముందుగా చెప్పాలి. ఆడ చేప పక్కకు ఒరిగి, తోకతో కొట్టి రాళ్లను కదిలించి, గుంట చేసి గుడ్లు పెడుతుంది. మగ చేప వాటిని ఫలదీకరించాక, ఆడ చేపే ఎగువ వైపు రాళ్లను మళ్లీ తోకతో కదిలించి ఆ గుడ్లను కప్పేస్తుంది. నీరు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పొదగడానికి దాదాపు నెల పడుతుంది, బ్రౌన్ ట్రౌట్‌కు ఇంకొన్ని రోజులు ఎక్కువ, నీరు చల్లబడేకొద్దీ ఈ గడువు పెరుగుతుంది. పొదిగిన పిల్లలు కూడా వెంటనే బయటికి రావు. పొట్టకింది సొన సంచి కరిగేదాకా కొన్ని వారాలు ఆ రాళ్ల సందుల్లోనే ఉంటాయి. ఇన్నాళ్లూ వాటికి ప్రాణవాయువు అందేది రాళ్ల మధ్యగా పారే నీటి వల్లనే. ఆ సందుల్లో మెత్తటి ఒండ్రు నిండితే గుడ్లకు ఊపిరి ఆడదు. పొదిగినా పైకి వచ్చే దారి మూసుకుపోతుంది. తన పొడవులో దాదాపు పదోవంతు పరిమాణం వరకు ఉన్న రాళ్లనే చేప కదిలించగలదని పరిశోధకుల అంచనా. అంటే గట్టు కోతకు అడ్డుగా పేర్చే బండరాళ్లు ఏ చేపకూ గుడ్లు పెట్టే చోటు కాలేవు.

మరి ఆ తగిన సైజు గులకరాళ్లు నదికి ఎక్కడి నుంచి వస్తాయి? చాలా మటుకు ఇలాంటి ఒడ్లు కోసుకుపోవడం వల్లనే వస్తాయి. మలుపు బయటి వైపున వరద తవ్వుకుపోయిన రాళ్లే కొంత దిగువన లోపలి వైపు తిన్నెగా పేరుకుంటాయి, అక్కడే మరుసటి సీజన్‌లో చేపలు గూళ్లు చేసుకుంటాయి. ఎగువన ఆనకట్టలు కట్టిన నదులలో రాళ్లన్నీ జలాశయంలో ఆగిపోయి, దిగువకు తేటనీరు మాత్రమే వెళ్లి నది అడుగునే తవ్వేస్తుంది. అలాంటి నీటిని శాస్త్రజ్ఞుడు మథియాస్ కొండాల్ఫ్ 1997లో ‘ఆకలి నీరు’ అన్నాడు. కాలిఫోర్నియాలోని ట్రినిటీ, శాక్రమెంటో నదులలో ఆనకట్టల దిగువన చేపల కోసం బయటి నుంచి గులకరాళ్లు తెచ్చి నదిలో పోయవలసి వచ్చింది. అక్కడ డబ్బు పెట్టి చేస్తున్న పనిని ఇక్కడ నది ఉచితంగా చేస్తుంటే దానికి గోడ అడ్డం పెట్టడం నాకు అర్థం కాని విషయం.

అయితే కోతంతా మంచిదేనని నేను అనడం లేదు. మన ఒడ్డు పొరలు పొరలుగా ఉంటుంది: కింద పట్టులేని గులకరాళ్లు, పైన రెండు మూడడుగుల మెత్తటి మట్టి, దాని మీద గడ్డి. వరద కింది రాళ్లను లాగేస్తే పైమట్టి చూరులా ముందుకు వేలాడి, నీరు తగ్గాక తడిసిన బరువుతో పెళ్లలు పెళ్లలుగా పడిపోతుంది. ఆ పెళ్లల్లోని ఒండ్రే గుడ్లకు శత్రువు. పెద్ద వరదలో అది చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ వేసవి నీటి మట్టంలో, మన నడక వల్ల రోజూ కొద్దికొద్దిగా రాలే మట్టిని లాక్కుపోయే ఊపు నదికి ఉండదు. ఒడ్డు వెంట గాలం వేసేవారు చేసుకున్న కాలిదారులు చూడండి. గడ్డి వేరుతో సహా చచ్చిపోయి, నేల గట్టిపడి, ప్రతి వానకూ దారే కాలువై గట్టు అంచును కోస్తోంది. వేలాడుతున్న అంచు మీదే నిలబడి గాలం విసరడం మనలో చాలామందికి అలవాటు (నాకూ ఉండేది, అక్కడి నుంచి లోతు గుంట బాగా అందుతుంది). పడవల అలలూ, నీళ్లకు దిగే పశువులూ ఉన్న చోట నష్టం ఇంకా ఎక్కువ.

నీళ్లలో దిగి నడిచే విషయంలో మనం మరింత సిగ్గుపడాలి. రాబర్ట్స్, వైట్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగాలలో, గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు రాళ్లలోంచి బయటికి వచ్చేదాకా గూళ్ల మీద రోజుకు రెండుసార్లు నడిస్తే గుడ్లు, పిల్లలు కలిపి 96 శాతం దాకా చనిపోయాయి. పొదగడానికి కాస్త ముందు ఒక్కసారి నడిచినా 43 శాతం దాకా నష్టం కనిపించింది. చుట్టూ ముదురు రంగు రాళ్ల మధ్య తేటగా, కడిగినట్టు మెరిసే అండాకారపు మచ్చ కనిపిస్తే అది గూడని, అక్కడ కాలు పెట్టకూడదని కొత్తగా గాలం పట్టినవారికి ఎవరూ చెప్పడం లేదు.

గోడ కడితే ఏమవుతుందో కూడా చూడాలి. రాతి ముఖం వెంట ప్రవాహం వేగం పుంజుకుని పాదం దగ్గర అడుగును తవ్వుతుంది, తన బలాన్ని గోడ చివరన ఉన్న మెత్తటి ఒడ్డు మీద చూపిస్తుంది. అప్పుడు అక్కడా గోడ కావాలంటారు. వెనక రోడ్డో, వంతెనో, ఇళ్లో ప్రమాదంలో ఉన్న చోట రాళ్లు పేర్చడం తప్పనిసరి కావచ్చు, దానికి నేను అభ్యంతరం చెప్పను. ఇక్కడ వెనక ఉన్నది ఖాళీ పచ్చిక బయలు మాత్రమే.

కాబట్టి సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. అంచు నుంచి పది పన్నెండడుగులు వెనక్కి కంచె వేసి, నీళ్లలోకి దిగడానికి రెండు మూడు చోట్ల మాత్రమే గట్టి మెట్లు కట్టండి. మిగిలిన దారులు మూసేయండి. పైమట్టిలో విల్లో వంటి, కొమ్మ గుచ్చితే వేళ్లు తొడిగే స్థానిక చెట్లు నాటండి. గడ్డి వేళ్లు పైపొరలోనే ఆగిపోతాయి కనుక గడ్డి ఒక్కటే సరిపోదు. కోత మరీ ఎక్కువైన చోట వేళ్లతో సహా చెట్టు దుంగలను పాదం దగ్గర పాతితే ప్రవాహం వేగం తగ్గుతుంది, చేపలకు నీడా దొరుకుతుంది. ట్రౌట్ గుడ్లు పెట్టే నెలల నుంచి పిల్లలు పైకి వచ్చేదాకా ఆ తిన్నెల మీద నడవడాన్ని పూర్తిగా నిషేధించండి. ఒడ్డు ఎంత వెనక్కి జరుగుతోందో తెలియడానికి కొన్ని గుర్తు కర్రలు పాతి, ప్రతి వరద తర్వాతా కొలవండి. ఆ కొలతలు రెండేళ్లపాటు చూశాక కూడా గోడ అవసరమని తేలితే అప్పుడు చర్చిద్దాం. గుర్తు కర్రలు పాతే రోజున కూలికి మనుషులు కావలసి వస్తే, గాలం ఇంట్లో పెట్టి పార పట్టుకుని రావడానికి నాతోపాటు మరికొందరు సిద్ధంగా ఉన్నారు.

భవదీయుడు,
గాలం వేసే ఒక పాఠకుడు