వెచ్చటి నేల, నానమ్మ కుంపటి

సువన్, దక్షిణ కొరియా
జనవరి 14

బాపుకు నమస్కారములు.

నేను ఇక్కడ క్షేమం. ఈ ఏడు ఆదిలాబాద్‌లో చలి ముదిరిందనీ, నానమ్మ గదిలో రాత్రంతా బొగ్గుల కుంపటి పెడుతున్నారనీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

ఇక్కడ బయట మైనస్ 10 డిగ్రీలున్నా నేను ఇంట్లో వట్టి కాళ్లతోనే తిరుగుతున్నాను. గోడకు బిగించిన గ్యాస్ బాయిలరు నీళ్లు కాచి, నేల కింద సిమెంటులో మెలికలుగా పరిచిన గొట్టాలలోకి పంపుతుంది. చల్లారిన నీళ్లు మళ్లీ బాయిలరుకే చేరతాయి. దీన్ని ఒండోల్ అంటారు. గాలిని వేడిచేసే హీటరుతో తల వేడెక్కి కాళ్లు చల్లగానే ఉంటాయి గాని, దీనితో వెచ్చదనం అరికాళ్ల నుంచి మొదలవుతుంది. నేల కాగడానికి చాలాసేపు పడుతుంది, కానీ కాగిందంటే బాయిలరు ఆపినా తొందరగా చల్లారదు.

వెనకటి ఇళ్లలో ఈ గొట్టాలు లేవు. వంటింటి పొయ్యిలోని వేడి పొగ పక్కగది నేల కింద రాతి కాలువల గుండా సాగి, ఆ చివరనున్న పొగగొట్టంలోంచి పోయేది. పైన పరిచిన బండల మీద మట్టి మెత్తి, నూనె పట్టించిన కాగితం అంటించేవారు. పొయ్యికి దగ్గరగా ఉండే వెచ్చని చోటు అరెన్మోక్. అది ఇంటి పెద్దలది. పొద్దుపోయి వచ్చేవారి కోసం మూతపెట్టిన అన్నం గిన్నెను కూడా అక్కడే దుప్పటి కింద దాచేవారట. నేనైతే మా గదిలో అలాంటి మూలన ఇడ్లీపిండి గిన్నెకు తువ్వాలు చుట్టి పెడతాను. నిజం చెప్పాలంటే, ఒండోల్‌ను నేను మొదట మెచ్చుకున్నది పిండి పొంగినందుకే!

అసలు సంగతి ఇది. 1960లలో, ఆ తరువాత కూడా కట్టెలకు బదులు యొన్తాన్ అనే చిల్లుల బొగ్గు దిమ్మెలు వాడినప్పుడు, నేల పగుళ్లలోంచి కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి చేరి ఎందరో నిద్రలోనే చనిపోయారు. ఆ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు బిగించిన గదిలో మన కుంపటి చేసేదీ అదే.

కొత్త గదిలో ఇలాంటి నేల వేయించుకోవచ్చా అని మీరు అడిగారు. నెలా నెలన్నర చలికోసం అంత ఖర్చు దండగని నా అభిప్రాయం. నూనె నింపిన కరెంటు హీటరు ఒకటి కొని, పడుకునే ముందు గంటసేపు వేయండి. 2 కిలోవాట్లదైతే గంటకు మహా అయితే 2 యూనిట్లు. షాబాదు బండల మీద జంపఖానా పరచి, నానమ్మ కాళ్ల దగ్గర వేడినీళ్ల సంచి పెట్టండి. కుంపటి వాకిట్లోనే ఉండాలి. ఉందో లేదో ఆదివారం నానమ్మనే అడుగుతాను. ఆమె నాతో అబద్ధమాడదు.

ఇట్లు,
మీ కుమారుడు