డ్రాగన్ క్వెస్ట్‌లో సేవ్ లేని రోజులు

నిన్న సేవ్ ఫైల్ పోయిందని గోల పెట్టినవాళ్ళకి ఈ మెసేజ్. 1986లో నింటెండో వాళ్ళ ఫామికామ్ గేమ్ మెషిన్‌కి జపాన్ వీడియో గేమ్ డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం వచ్చినప్పుడు అసలు సేవ్ అనేదే లేదు. ఆట ఆపాలంటే ఆటలోని రాజుగారి దగ్గరికెళ్ళి, ఆయన చెప్పే 20 హిరగానా (జపనీస్ లిపి) అక్షరాల మంత్రం కాగితం మీద రాసుకోవాలి, మళ్ళీ ఆడేటప్పుడు అదే ఎక్కించాలి. రెండో భాగంలో అది 52 దాకా పెరిగింది! 'ను', 'మె' అక్షరాలు చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఒక్కటి తారుమారైతే పడ్డ కష్టమంతా గంగపాలే. 1988లో మూడో భాగం కార్ట్రిడ్జ్‌లో సేవ్‌ని నిలబెట్టే బ్యాటరీ పెట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. (ఆ బ్యాటరీ అయిపోతే మళ్ళీ మొదటికే, పాపం.)

అన్నట్టు ఆటలో ఆ నీలం స్లైమ్ అనే చిట్టి రాక్షసి ఉంది చూశారూ, గేమ్ రూపకర్త యూజీ హోరీ గీసిచ్చింది ఉత్త బురదముద్ద. బొమ్మలు గీసిన ఆర్టిస్ట్ అకిరా తొరియామా దాన్ని నవ్వుమొహం నీటిబొట్టు చేసేశారు. నాకైతే సిరీస్ మొత్తానికీ అదే హీరో. మూడో భాగం రీమేక్ 2024లో వచ్చింది, ఎవరైనా మొదలుపెడితే చెప్పండి.