డిగ్రీ అడ్మిషన్లు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, తిరుపతిలో ఓ డిగ్రీ కాలేజీ హెల్ప్‌డెస్క్‌లో కూర్చునే లెక్చరర్‌ని. 2023-24 నుంచి డిగ్రీలో ఒకటే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ తెచ్చారు, బాగానే ఉంది, కానీ ఇంటర్ బైపీసీ చదివొచ్చిన పిల్లకి మేజర్ అంటే ఏంటో, దాని పక్కన తీసుకునే రెండో సబ్జెక్టు, అంటే మైనర్ దేనికో చెప్పి ఒప్పించేలోపే సైట్ లాగౌట్ అయిపోతుంది, మళ్ళీ మొదటికి! ఓటీపీ పోయేది వాళ్ళ నాయన ఫోన్‌కి. ఆయనేమో పలమనేరు మార్కెట్లో టమోటా బాక్సులు దించుతుంటాడు, ఎత్తడు, ఎత్తినా "మెసేజ్ చూసేది నాకు రాదు సార్" అంటాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. ఆప్షన్ల గడువు సాయంత్రం వరకే.

ఏ మేజర్ తీసుకుంటే పీజీలో ఏం చదవొచ్చో తెలుగులో ఒక్క పేజీ పెట్టించండి, ఓటీపీకి ఇంకాస్త టైమివ్వండి. లేదంటే ఒకరోజు మీరే వచ్చి ఇక్కడ కూర్చోండి సార్, కుర్చీ వేస్తాం, టీ ఖర్చు మాది.