కాకడుకు డిసెంబరులో వెళ్లమని రాస్తారా?

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఆస్ట్రేలియాలోని కాకడు జాతీయ పార్కు మీద పర్యాటక వ్యాసం వేశారు. మరుసటి ఆదివారమైనా సవరణ పడుతుందేమోనని చూశాను. పడలేదు. మెల్‌బోర్న్, సిడ్నీలలోని మన కుటుంబాలకు పెద్ద సెలవులు డిసెంబరులోనే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ అప్పుడే ఉంటారు. అలాంటివాళ్లకు ‘డిసెంబరులో జిమ్ జిమ్ జలపాతం కింద పిల్లలతో ఈత’ అని సలహా ఇవ్వడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

కాకడుకు దగ్గరి నగరమైన డార్విన్ ప్రాంతంలో ఏడాదికి 1,700 మిల్లీమీటర్ల దాకా పడే వానలో దాదాపు అంతా నవంబరు, ఏప్రిల్ మధ్యే కురుస్తుంది. జిమ్ జిమ్‌కు కాకడు హైవే నుంచి లోపలికి సుమారు 60 కిలోమీటర్ల మట్టి దారి. చివరి 10 కిలోమీటర్లు ఇసుక, గోతులు. ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్ప మరేదీ పోదు. గట్టి వానలు పడగానే ఆ దారి మూసేస్తారు. మళ్లీ తెరిచేది నీళ్లు తగ్గి, దారి బాగుచేశాకే, అంటే మే చివరో జూనో. 200 మీటర్ల కొండ మీంచి ఆ జలపాతం నిండుగా దూకేది దారి మూసి ఉన్న నెలల్లోనే. అప్పుడు చూడాలంటే చిన్న విమానం ఎక్కి పైనుంచి చూడాలి. దారి తెరిచాక ధార వారం వారం సన్నబడుతుంది. వానలు మళ్లీ మొదలయ్యేలోగా ఆగిపోవడమూ మామూలే. మీరు వేసిన ఫొటోలోని నిండు ధార, మీరు రాసిన ఈత ఒకే రోజున దొరకవు.

ఇక మొసళ్ల సంగతి. ‘ఉప్పునీటి మొసలి కాబట్టి మంచినీటి మడుగుల్లో భయం లేదు’ అన్న వాక్యం ఎవరు రాశారో, ఎవరు చూసి వదిలారో తెలియదు. పేరు అదే గానీ, అది నదుల వెంట వందల కిలోమీటర్లు లోపలికి వెళ్తుంది, మంచినీటి మడుగుల్లోనూ కాపురం ఉంటుంది. ఒడిశాలోని భితర్‌కనికలో ఉన్నదీ ఇదే జాతి. మన కృష్ణలో, మంజీరలో కనబడే మొసలితో దీన్ని పోల్చుకోకూడదు. మగది అయిదు మీటర్లు దాటి కూడా పెరగగలదు. 1971లో అక్కడ వేట నిషేధించాక సంఖ్య పెరిగి, ఇప్పుడు కాకడు ఉన్న నార్తర్న్ టెరిటరీలో లక్ష దాకా ఉంటాయని అంచనా. వానాకాలంలో వాగులన్నీ కలిసిపోతాయి కాబట్టి జలపాతాల కింది మడుగుల్లోకీ చేరతాయి. వానలు ఆగాక, పొడి కాలం మొదట్లో రేంజర్లు రాత్రిళ్లు స్పాట్‌లైట్ వేసి కళ్ల మెరుపు వెతుకుతారు, మాంసం ఎర కట్టిన బోన్లు పెట్టి దొరికినవాటిని తీసేస్తారు. ఆ తర్వాతే జనాన్ని మడుగు దాకా రానిస్తారు. అప్పుడు కూడా పూర్తి భరోసా ఇవ్వరు. డిసెంబరులో ఆ కాస్త కాపలా కూడా ఉండదు.

2002 అక్టోబరులో అదే పార్కులోని శాండీ బిల్లబాంగ్ అనే మడుగులో రాత్రిపూట ఈతకు దిగిన జర్మన్ యువతిని మొసలి చంపింది. దిగవచ్చని చెప్పింది వెంట ఉన్న గైడే. అతను కోర్టులో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. 2017 జనవరిలో కేహిల్స్ క్రాసింగ్ దగ్గర నదిని నడిచి దాటబోయిన మనిషి బతకలేదు. మీ వ్యాసం మాత్రం ఆ క్రాసింగ్‌ను ‘నీళ్లలో నిలబడి ఫొటో దిగే చోటు’ అని రాసింది. అది సముద్రపు పోటుకు మునిగే కాజ్‌వే, అంటే నదికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన దారి. పోటు వేళల పట్టిక చూడకుండా బండి దించకూడదు. అవతలి ఒడ్డు ఆదివాసుల భూమి అయిన ఆర్నెమ్ ల్యాండ్, వారి భూముల వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ లేకుండా అడుగుపెట్టకూడదు. ఆ నది పేరు ఈస్ట్ ఆలిగేటర్. పంతొమ్మిదో శతాబ్దిలో తీరం కొలవడానికి వచ్చిన నావికుడు మొసళ్లను చూసి, వాటికి వేరైన ఆలిగేటర్లని పొరబడి పెట్టిన పేరది. మీరు అక్కడ ఆలిగేటర్లు ఉన్నాయనే రాసేశారు.

జంతువులూ పక్షులూ చూడటానికైనా డిసెంబరు మంచిది కాదు. నీళ్లు మైదానమంతా పరుచుకుంటే పక్షులు చెదిరిపోతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య దాకా మడుగులు కుంచించుకుపోతాయి కాబట్టి మాముకలా చిత్తడి నేల దగ్గర, ఎల్లో వాటర్ మడుగులో మాగ్‌పై గీస్ బాతులు వేల సంఖ్యలో గుమిగూడతాయి. కూయిండా నుంచి తెల్లవారుజాము పడవ ఎక్కితే గట్టు మీద మొసళ్లు, జాబిరు కొంగలు, తామరాకుల మీద నడిచే జకానాలు దగ్గరగా కనబడతాయి. ఎండ అంత వద్దనుకుంటే అక్కడి బడి సెలవులే ఉన్న జూన్, జూలై నెలలు ఉన్నాయి. ‘డార్విన్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు’ అన్నదీ తప్పే. పార్కులోని జాబిరు ఊరికే 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి రాతి చిత్రాలున్న ఉబిర్ ఒకవైపు సుమారు 40, కూయిండా ఇంకోవైపు 50 పైన. మూడు రాత్రులైనా ఉండాలి. చీకటి పడ్డాక వాలబీలు (చిన్న కంగారూలు), అడవి గేదెలు రోడ్డు మీదికి వస్తాయి. 53 మీటర్ల పొడవుండే రోడ్ ట్రెయిన్లను (వరుసగా ట్రెయిలర్లు తగిలించిన లారీలను) దాటాలంటే కనీసం కిలోమీటరు దారి ఖాళీగా కనబడాలి. అద్దె కార్ల ఒప్పందాల్లో మట్టి దారికీ నీటి దాటుకూ చాలావాటికి బీమా ఉండదు. వీటిలో ఒక్కటీ వ్యాసంలో లేదు. డార్విన్‌లోని మిండిల్ బీచ్ సంత మాత్రం ఉంది, అది అక్టోబరుకే ముగిసిపోతుంది. దాని పక్కన సముద్రస్నానం ఉంది, డిసెంబరులో ఆ నీళ్లలో ప్రాణాంతకమైన బాక్స్ జెల్లీ చేపలుంటాయి.

‘మనిషి అడుగు పడని అడవి’ అన్న మాట ఇంకా బాధించింది. అది బినింజ్, ముంగుయ్ ఆదివాసుల నేల. అక్కడి మాజెడ్‌బెబె రాతి గుహలో దాదాపు 65,000 ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లు దొరికాయని పురావస్తు పరిశోధకులు చెప్పారు. పార్కు నిర్వహణలో ఈనాటికీ ఆ ప్రజలు భాగస్వాములు.

మన పత్రికల పర్యాటక పేజీలు ఇలా ఎందుకు తయారయ్యాయి? ట్రావెల్ ఏజెంటు పంపిన కాగితం, ఎక్కడో తీసుకున్న ఫొటో కలిపి వేసేస్తున్నారు. ఏ నెలలో తీసిన ఫొటో అని అడిగేవారు లేరు. వానాకాలంలో నల్లమల సఫారీ మూస్తారని మనకు తెలుసు. వరద గోదావరి మీద బోటు ఎక్కకూడదని 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఎంత మందిని పోగొట్టుకుని తెలుసుకున్నామో మరిచిపోలేదు. అప్పుడు అధికారులు ఏం చేస్తున్నారని అన్ని పత్రికలూ నిలదీశాయి. నిలదీయవలసిందే. ఆ జాగ్రత్త సొంత పేజీల్లోనూ ఉండాలి కదా.

డిసెంబరు టికెట్లు ఇప్పుడే కొంటున్నారు. వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఇప్పటికే టికెట్లు కొన్నవారికి నేను చెప్పేది ఇంతే. బయలుదేరే ముందు, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ పార్కు వారి దారుల సమాచారం చూసుకోండి. బురుంకుయ్ దగ్గర రాతి చిత్రాలు చూడండి, నడకలో గంటకు లీటరు నీళ్లు తాగండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నా దిగొద్దు, గట్టుకు కనీసం అయిదు మీటర్ల దూరంలో పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, డార్విన్