గోడ లోపలి వైర్లకూ బడ్జెట్ పెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. యూనివర్సిటీల్లో డిజిటల్ చదువుల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు చూస్తున్నాను. స్మార్ట్ బోర్డులు బిగించారని, కొత్త ల్యాబ్ ప్రారంభించారని, ట్యాబ్లెట్లు పంచారని ఫొటోలతో వస్తున్నాయి. సంతోషమే. కానీ ఎవరూ ఫొటో తీయని సంగతి ఒకటుంది. పదిహేడేళ్లుగా యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి అది చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

గత సెమిస్టర్‌లో ఒక ఇంటర్నల్ పరీక్ష ఆన్‌లైన్‌లో పెట్టాం. హాల్లో 120 మంది. మొదటి ఐదు నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి నావైపు చూడటం మొదలుపెట్టారు. పేజీ తెరుచుకోవడం లేదు. వెనక బెంచీలోని ఒకమ్మాయి తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పళ్లెంలా పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. "మేడం, ఇక్కడ రెండు గీతలు వస్తున్నాయి" అంది. ఆమె వెనకే నలుగురు, ఆ వెనక పదిమంది. కాసేపటికి సగం క్లాసు వరండాలో గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని పరీక్ష రాస్తోంది. ఒకబ్బాయి జవాబులన్నీ పూర్తిచేసి సబ్మిట్ నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది, టైమ్ అయిపోయింది. "నేను రాశాను మేడం, చూడండి, అన్నీ రాశాను" అంటూ స్క్రీన్ నావైపు తిప్పాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ పరీక్ష మళ్లీ పెట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది. అన్ని రోజులూ ఆ పిల్లలు పడిన టెన్షన్‌కు ఎవరం జవాబు చెప్పగలం?

ఫిర్యాదు చేస్తే ఇంటర్నెట్ స్పీడ్ రెట్టింపు చేయించారు. మంచి ఉద్దేశంతోనే చేశారు, ఖర్చూ పెట్టారు. ఆ హాల్లో మాత్రం తేడా రాలేదు. ఎందుకో తెలుసుకోవాలని, నెట్‌వర్క్ చూసే కుర్రాడు నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరితే అతని వెంట నేనూ ఒక రోజంతా తిరిగాను. నాకు అర్థమైంది ఇది. మా హాల్లో ఉన్నలాంటి పాత వైఫై యాక్సెస్ పాయింట్‌తో (వైఫై సిగ్నల్ పంచే పెట్టెతో) ఒక ఛానల్ మీద, అంటే ఒక రేడియో దారి మీద, ఒక క్షణంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు. మిగతావన్నీ వంతు కోసం ఆగాలి. 120 మంది అంటే జేబుల్లోని ఫోన్లతో కలిపి 240 పరికరాలు. ఆ యాక్సెస్ పాయింట్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కగదిలోనూ అదే ఛానల్ ఉంటే ఆ గదితో కూడా వంతు పంచుకోవాలి. పైగా దూరంగా, సిగ్నల్ సరిగా అందని మూల కూర్చున్న ల్యాప్‌టాప్ నెమ్మదిగా మాట్లాడుతుంది, దాని వంతు ఎక్కువసేపు సాగుతుంది, దాంతో దగ్గర కూర్చున్నవాళ్లకూ ఆలస్యమే. ఊరి బయట కాలువ ఎంత వెడల్పు చేసినా పొలంలోకి వచ్చే బోదె పూడిపోయి ఉంటే మడి తడవదు కదా. మేం కాలువ వెడల్పు చేశాం.

ఆ తర్వాత అతను మెట్ల కిందికి తీసుకెళ్లాడు. చీపుర్లు, విరిగిన కుర్చీల మధ్య ఒక ఇనుప పెట్టె. ఆ భవనం మొత్తానికి నెట్ అందించే స్విచ్‌లు అందులోనే ఉన్నాయి. ఫ్యాన్ జాలీ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది, వేడికి చెయ్యి పెట్టలేకపోయాను. కింద యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి పెట్టె గోడను నెడుతోంది. ఇలాంటి బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లే పనిచేస్తాయి. దీన్ని ఎప్పుడు మార్చారో రాసిన కాగితం ఎక్కడా లేదు. కరెంటు ఒక్క నిమిషం పోతే చాలు, ఆ స్విచ్‌లన్నీ ఆగి మళ్లీ మొదలవుతాయి, అప్పుడు జరుగుతున్న క్లాసులన్నీ తెగిపోతాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పక్క భవనం. అక్కడ కొత్త వైఫై 6 యాక్సెస్ పాయింట్లు పెట్టారు, తెల్లగా మెరుస్తున్నాయి. వాటి వైరు వెళ్లి చేరింది 100 ఎంబీపీఎస్ స్పీడ్ దాటని పాత స్విచ్‌లోకి. వీటికి కరెంటు కూడా ఆ నెట్‌వర్క్ వైరులోంచే రావాలి. 2003 నాటి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది. 2009లో వచ్చిన ప్రమాణం దాన్ని 30 వాట్లకు పెంచింది. కొత్త పరికరాల్లో చాలావాటికి ఆ రెండోది కావాలి. అది అందకపోతే తమ సామర్థ్యంలో కొంత ఆపేసుకుని నడుస్తాయి. అంత ఖర్చు పెట్టి కొన్నవి అలా సగం నిద్రలో ఉన్నాయి.

కాబట్టి ఆధునికీకరణ అంటే వరస ముఖ్యమని నా నమ్మకం. భవనాల మధ్య ఫైబర్, భవనంలో కేబుల్, స్విచ్, బ్యాటరీ, వాటికి గాలి ఆడే గది ముందు. యాక్సెస్ పాయింట్లు ఆ తర్వాత, అదీ ఏ గదిలో ఎంతమంది కూర్చుంటారో లెక్కగట్టి, ఎక్కువ ఛానళ్లున్న 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుకునేలా. బోర్డులు, ట్యాబ్లెట్లు చివర. ఇప్పుడు చాలాచోట్ల ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. కనిపించేవాటికి ఒకేసారి గ్రాంటు దొరుకుతుంది, కనిపించనివాటికి ఏటా పెట్టాల్సిన ఖర్చుకు బడ్జెట్‌లో ఒక పద్దు కూడా ఉండదు. ఒకే రోజు కొన్న 60 కంప్యూటర్లు ఒకేసారి ముసలివవుతాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిపోతుందని తయారీదారు ఏళ్ల ముందే చెప్పింది. అయినా ఆ తేదీ వచ్చాక ఉలిక్కిపడిన ల్యాబ్‌లు నాకు తెలుసు. విండోస్ 11 ఎక్కని పాత మెషిన్లను పారేయక్కర్లేదు, ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చాలా కోర్సులకు వాడుకోవచ్చు. కానీ ఆ నిర్ణయానికి ఒక మనిషి, కొంత వ్యవధి కావాలి.

బ్యాకప్ సంగతి ఇంకా పెద్దది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ మీద 2019 డిసెంబర్‌లో రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగింది. దొంగలు లోపలికి వచ్చింది అక్టోబర్‌లోనే, ఒక మోసపు ఈమెయిల్ లింక్ ద్వారా. కొన్ని సర్వర్లకు అప్‌డేట్లు వేయలేదు, కొన్ని బ్యాకప్‌లు అదే నెట్‌వర్క్‌కు కలిసి ఉండటంతో అవీ తాళం పడ్డాయి. చివరికి 30 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 2 లక్షల యూరోలు కట్టాల్సి వచ్చింది. జరిగిందంతా ఆ యూనివర్సిటీ దాచకుండా బయటపెట్టింది, అందుకు గౌరవించాలి. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీకి 2021 డిసెంబర్‌లో దాడి కూడా అక్కర్లేకపోయింది. సూపర్ కంప్యూటర్ బ్యాకప్ ప్రోగ్రాంలో జరిగిన పొరపాటు దాదాపు 77 టెరాబైట్ల పరిశోధన డేటాను చెరిపేసింది. అంతటి సంస్థల్లోనే ఇలా జరిగితే, బ్యాకప్ తీస్తున్నామన్న మాటతో మనం నిశ్చింతగా ఎలా ఉండగలం? కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌కు దూరంగా ఉండాలి. ఆ కాపీలోంచి ఫైళ్లు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో సెమిస్టర్‌కొకసారి తీసి చూడాలి.

సాఫ్ట్‌వేర్ కొరత ఉందని నేను అనుకోను. పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి మూడుల్ లాంటి ఉచిత ఓపెన్ సోర్స్ వేదిక 2002 నుంచి అందుబాటులో ఉంది. ఎడ్యురోమ్ అనే ఉమ్మడి వైఫై సేవతో ఒక యూనివర్సిటీ లాగిన్ వందకు పైగా దేశాల్లోని క్యాంపస్‌లలో పనిచేస్తుంది. మా దగ్గర మాత్రం హాజరుకొకటి, పాఠాలకొకటి, లైబ్రరీకొకటి, ఫలితాలకొకటి పాస్‌వర్డ్. పిల్లలు వాటన్నిటినీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటున్నారు. మేం పెట్టే పాఠాల్లోనూ లోపం ఉంది, ఇది మా అధ్యాపకుల బాధ్యతే. మా క్లాసులో చూపులేని విద్యార్థి ఒకరున్నారు. నోట్స్ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే, ఫైలు తెరవగానే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మూగబోయింది, ఎందుకంటే అందులో అక్షరాలు లేవు, కాగితం బొమ్మే ఉంది. అది చూశాక స్కాన్లు మానేసి పాత నోట్స్ అంతా మళ్లీ టైప్ చేసుకుంటున్నాను.

ఇన్ని భవనాలకు నిచ్చెన మోసే ఆ కుర్రాడు ఒక్కడే. కాంట్రాక్టు ఉద్యోగం. ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ స్విచ్‌కు ఏ పాస్‌వర్డో అతని తలలోనే ఉంది. రేపు అతను మానేస్తే ఆ ఇనుప పెట్టె తలుపు తీసి ఏది ఏమిటో చెప్పగలవాళ్లు మా దగ్గర లేరు. పర్మనెంట్ పోస్టులు, శిక్షణ, ఎప్పటికప్పుడు రాసిపెట్టుకునే నెట్‌వర్క్ మ్యాప్ లేకుండా ఎన్ని కోట్ల పరికరాలు తెచ్చినా నిలబడవు.

మీ విలేఖరులకు ఒక విన్నపం. ఈసారి ఏ యూనివర్సిటీలోనైనా డిజిటల్ క్లాస్‌రూమ్ ప్రారంభానికి వెళ్తే, కార్యక్రమం అయ్యాక ఆ భవనం స్విచ్ గది చూపించమని అడగండి. బ్యాటరీ ఎప్పుడు మార్చారో, బ్యాకప్‌లోంచి ఫైళ్లు చివరిసారి ఎప్పుడు తీసి చూశారో, ఇదంతా చూసుకోవడానికి ఎంతమంది ఉన్నారో అడగండి. వాళ్లు చెప్పిన జవాబులు ఆ ఫొటో పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక యూనివర్సిటీ అధ్యాపకురాలు