పిల్లల కానుకలకు మీ పేపరే చాలు

ఎడిటర్ గారికి,

నమస్కారం. సండే స్కూళ్లలో క్రిస్మస్‌కి పిల్లలకిచ్చే కానుకలు చాలావరకు వంద రూపాయల లోపువే. పైన చుట్టే మెరుపు కాగితానికీ, రిబ్బన్ పువ్వుకీ అందులో ఐదో వంతు పోతోంది. ఆ కాగితాన్ని ఒకసారి గుప్పిట్లో నలిపి వదలండి. నలిగింది నలిగినట్టే ఉంటే కాగితం. తిరిగి విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర ఉన్నట్టు, పాతపేపర్ల కొట్టువాళ్లు కూడా ముట్టుకోరు. 2022 జులై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్వీటు డబ్బాల మీద చుట్టే పొర ఉంది గానీ గిఫ్ట్ పేపర్ ఊసు లేదు.

ఈ పనికి మీ పేపరే చాలు. అయితే ఏ పేజీ, ఏ రోజుది అన్నది చూసుకోవాలి. న్యూస్‌ప్రింట్ మీద సిరా పూర్తిగా ఆరదు, కాగితంలోకి ఇంకుతుందంతే. అందుకే పొద్దున వచ్చిన పేపర్ని మధ్యాహ్నం చుడితే ఆ నలుపంతా పండక్కి కుట్టించిన తెల్ల గౌనుకి అంటుతుంది. నాలుగైదు రోజులు ఆగిన పేపర్ తీసుకుని, తడి వేలితో మూల రుద్ది చూడాలి. పేజీ నిండా ముదురు రంగున్న ప్రకటనలు అన్నిటికన్నా ఎక్కువ అంటుతాయి. ఆదివారం పిల్లల పేజీ, ముగ్గుల పేజీ బాగుంటాయి. ప్రమాద వార్తలు, శ్రద్ధాంజలి ఫొటోలు పైకి రాకుండా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు గానీ, హడావుడిలో జరిగే పొరపాటు అదే.

కొలత దగ్గరే కాగితం ఎక్కువ వృథా అవుతుంది. పెట్టె వెడల్పు, ఎత్తు కలిపి రెట్టింపు చేసి రెండు సెంటీమీటర్లు చేర్చితే కాగితం ఒక వైపు కొలత. రెండో వైపుకి పెట్టె పొడవుకి ఎత్తున్నర, అంటే ఎత్తుకి ఒకటిన్నర రెట్లు, కలపాలి. 19 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 2 ఎత్తున్న జామెట్రీ బాక్సుకి 22 సెంటీమీటర్ల చదరపు కాగితం సరిపోతుంది. మామూలు పేజీలో ఇలాంటివి రెండొస్తాయి. చివర మడతలకి ఇంకా ఎక్కువ వదిలితే అక్కడ ఉబ్బుతుంది, తక్కువైతే డబ్బా కనిపిస్తుంది. చతురస్రపు పెట్టెని కాగితం మీద ఏటవాలుగా, మూలలు అంచుల వైపుకి తిరిగేలా పెడితే ఇంకాస్త ఆదా. అప్పుడు కాగితం చదరపు భుజం, పెట్టె పైభాగం కర్ణానికి ఎత్తున్నర కలిపినంత ఉండాలి. 15 చదరం, 5 ఎత్తు పెట్టెకి 29 సెంటీమీటర్ల చదరంతో సరిపోతుంది. మామూలుగా చుడితే 42కి 23 కావాలి.

పేపర్ పైనుంచి కిందికి కాలమ్ వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే రంపపు పళ్లలా వస్తుంది. అడ్డానికి మడత గీటు మీద స్కేలు అదిమి చింపాలి. రేకు డబ్బా మూలలు ఒంటి పొరని పొడుచుకుని బయటికొస్తాయి కాబట్టి వాటికి రెండు పొరలు వేయాలి.

సెలోటేపు కన్నా మైదా జిగురు చవక. కప్పు నీళ్లకి రెండు చెంచాల మైదా చల్లనీళ్లలోనే ఉండల్లేకుండా కలిపి, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పాలి. తెల్లదనం తగ్గి పారదర్శకంగా మారగానే దించాలి. పలచగా ఉంటే కాగితం తడిసి ముడతలు పడుతుంది. పురుగు పట్టకుండా బైండింగ్‌వాళ్లు మైలతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లల వస్తువుల దగ్గరికి రానివ్వకూడదు. అది లేని జిగురుని రెండు రోజుల్లో వాడేయాలి, చుట్టినవి బొద్దింకలు తిరగని చోట పెట్టాలి. స్టేప్లర్ పిన్నులు అసలు వద్దు, పిల్లలు సగం కానుకలు పళ్లతోనే విప్పుతారు.

బంతి, బొమ్మ లాంటివాటికి పెట్టె వెతకనక్కర్లేదు. కిరాణా కొట్టులో పప్పు పొట్లం కట్టినట్టే కాగితం మధ్యలో వస్తువు పెట్టి, నాలుగు అంచులూ పైకి చేర్చి మెలితిప్పి పురికొసతో కట్టాలి. పురికొస బదులు చిరిగిన చీర జరీ అంచు, టైలర్ దగ్గర మిగిలిన జాకెట్ గుడ్డ పేలికలు ఇంకా అందం. ఐదారేళ్లవాళ్లకి ఎరుపు పేలిక, పెద్ద పిల్లలకి పచ్చ పేలిక అని ముందే అనుకుంటే పంచేటప్పుడు వెతుకులాట ఉండదు. పేరు చీటీ ఊడిపోతుంది, అందుకని డబ్బా అడుగున కూడా పేరు రాయాలి. ధర స్టిక్కర్ జిగట కొబ్బరినూనెతో పోతుంది గానీ ఆ నూనె శుభ్రంగా తుడిచాకే చుట్టాలి, లేకపోతే కాగితం మీద మరక తేలుతుంది. కేకు, మిఠాయి మాత్రం పేపర్లో నేరుగా పెట్టకూడదు. సిరాలోని రసాయనాలు తిండికి అంటుతాయని ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది.

మీకో విన్నపం. డిసెంబరు రెండో ఆదివారం నడిమి రెండు పేజీలూ కలిపి ప్రకటనలు లేకుండా, నక్షత్రాలో ముగ్గులో లేత రంగుల్లో వేయండి. వెనకవైపు ఏ వార్తలున్నా ఫర్వాలేదు. మూడో ఆదివారం వేస్తే కొన్నేళ్లలో పండక్కి నాలుగు రోజులే ఉంటాయి, పేపర్ని ఆగనిచ్చి చుట్టడానికి అవి చాలవు.

ఇట్లు,
సండే స్కూలు ఉపాధ్యాయులు,
గుంటూరు